సలాడ్‌కి మారినా బరువు తగ్గట్లేదంటే

బర్గర్ మానేసి నెల రోజులుగా అదే ఫాస్ట్‌ఫుడ్ చెయిన్‌లో సలాడ్ తింటున్నా బరువు కదలట్లేదా? కారణం చాలావరకు ఆకులు కాదు, వాటితో ఇచ్చే డ్రెస్సింగ్ (సలాడ్ మీద వేసుకునే సాస్) ప్యాకెట్.

1. ఆ చెయిన్ వెబ్‌సైట్‌లో పోషకాల పట్టిక తెరవండి. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: సలాడ్ పేరు ఎదురుగా ఉన్న కేలరీలు చూసి ఆగిపోతారు. డ్రెస్సింగ్ లెక్క చాలాచోట్ల వేరే వరుసలో, బాగా కిందకి వెళ్తే గానీ కనపడదు. రెండూ కలిపి చూడండి. ఒక్క టేబుల్‌స్పూన్ నూనెలోనే దాదాపు 120 కేలరీలుంటాయి. చిక్కటి తెల్లటి డ్రెస్సింగ్‌లో సాధారణంగా చాలా భాగం నూనే. ఆ లెక్క మొత్తం ప్యాకెట్‌కా, ఒక సర్వింగ్‌కా (ఒకసారి వేసుకునే కొలత) అన్నది కూడా గమనించండి.

2. డ్రెస్సింగ్ విడిగా అడగండి. ఫోర్క్ కొనను ముందు అందులో ముంచి, ఆ తర్వాత ఆకుని గుచ్చండి. ప్రతి ముద్దకీ రుచి తగులుతుంది, సగం ప్యాకెట్ మిగిలిపోతుంది.

3. "క్రిస్పీ" చికెన్ అంటే పిండి పట్టించి వేయించిందే. గ్రిల్డ్ తీసుకోండి.

4. పక్కన స్మూతీ తాగుతుంటే దాని చక్కెర కూడా పట్టికలో చూడండి. లేదంటే మంచినీళ్లు చాలు.

బీపీ ఉంటే మాత్రం సోడియం (ఉప్పులో ఉండేది) వరుస వదలొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకి రోజుకి 2,000 మిల్లీగ్రాముల లోపు.