వేసవిలో పాలు తగ్గాయని ప్రొటీన్ పొడి పెట్టకండి, ముందు గేదెను చల్లబరచండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా ముర్రా గేదె రెండో ఈత ఈని మూడు నెలలైంది. మార్చిలో రోజుకు పది లీటర్లు ఇచ్చింది, మే వచ్చేసరికి ఆరుకు పడిపోయింది. పాలకేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాకుండా మిగతా ఘనపదార్థాల శాతం) 9 నుంచి 8.4కి దిగింది. మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతోంది, పడుకోవడం లేదు. మందుల షాపులో ప్రొటీన్ లోపమని చెప్పి పొడి ఇచ్చారు. పత్తిగింజల చెక్క కూడా కిలో పెంచాను. గుణం కనిపించలేదు. ఏ ఇంజక్షన్ వేయించాలి? రేకుల షెడ్డులో కడతాం, నీళ్లు రోజుకు మూడుసార్లు పెడతాం.

జవాబు: మీరు రాసిన లక్షణాలు ప్రొటీన్ లోపానివి కావు. గేదె ఎండవేడికి అల్లాడుతోంది. మీరు చివర్లో రాసిన రేకుల షెడ్డు, మూడుపూటల నీళ్లే దీనికి కారణం. ఏ ఇంజక్షనూ అక్కర్లేదు. ప్రొటీన్ పొడి ఈరోజే ఆపేయండి, పెంచిన కిలో చెక్క కూడా తీసేయండి.

ఎందుకో చెబుతాను. పొదుగులోని పాలకణాలు రాత్రింబగళ్లు కేసిన్ తయారుచేస్తుంటాయి. పాలలోని ప్రొటీన్‌లో ఎక్కువ భాగం అదే, ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్కలోకి అదీ వస్తుంది. ఒంటి వేడి పెరిగితే కణంలోని ప్రొటీన్ల మడతలు విడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గడ్డకట్టేది ఇలాగే. ఈ ప్రమాదం పసిగట్టగానే కణం మామూలు ప్రొటీన్ల తయారీని తగ్గించేస్తుంది. ఆ తయారీని మొదలుపెట్టించే ఇఐఎఫ్2 అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి దాన్ని ఆపుతుంది. మరోవైపు అప్పటిదాకా అణిగి ఉన్న హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే మరో ప్రొటీన్ బయటపడి, మూడేసి జతకట్టి కేంద్రకంలోకి వెళ్తుంది. హెచ్‌ఎస్‌పీ70 లాంటి రక్షణ ప్రొటీన్ల జన్యువులను పని చేయిస్తుంది. చెడిన ప్రొటీన్లను మళ్లీ సరిగా మడిచేవి ఇవే. కణం ముందు తన ప్రాణం చూసుకుంటుంది, పాల సంగతి తర్వాత.

మేత తినక పాలు తగ్గాయని కొందరంటారు. అది కొంతవరకే నిజం. హోల్‌స్టీన్ ఆవులపై ప్రయోగాలు చేశారు. ఎండలోని ఆవు తిన్నంత మేతనే చల్లని చోట ఉన్న ఆవుకు పెట్టి చూస్తే, పాల తగ్గుదలలో మేత వాటా సుమారు సగమే. మిగతాది వేడి శరీరం లోపల చేసే మార్పుల వల్లే.

కణమే తయారీ తగ్గించుకున్నప్పుడు మీరు ముడిసరుకు ఎంత పెట్టినా ఏం లాభం? పైగా నష్టం. మిగిలిన ప్రొటీన్ పొట్టలో అమ్మోనియాగా మారుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపాలి. దానికి శక్తి ఖర్చు, ఆ పనిలో పుట్టే వేడి అదనం. గేదె నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ. ఉన్న వేడినే వదిలించుకోలేక రొప్పుతున్న పశువుకు మీరు ఇంకా వేడి పెంచారు. షాపు వాళ్లు గేదెను చూడలేదు, ఉష్ణోగ్రత కొలవలేదు, పొడి మాత్రం అమ్మారు. పశువును చూడకుండా ఇచ్చే మందు కొనకండి.

ఒక థర్మామీటరు కొనండి. ఆ పొడి డబ్బా కంటే చౌక. ఆసనంలో పెట్టి తెల్లవారుజామున 5 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు చూసి రాసుకోండి. ఉదయం 101 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో ఉండి మధ్యాహ్నం 103 దాటితే అది ఎండవేడి. ఉదయం కూడా 103 ఉంటే జ్వరం, అప్పుడు వైద్యం వేరు. నిమిషానికి డొక్కలు ఎన్నిసార్లు ఎగిరాయో కూడా లెక్కపెట్టండి. 60 దాటితే వెంటనే నీళ్లు కొట్టాలి. పాడి రైతులకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. ఉష్ణోగ్రత చూడకుండా జ్వరం సూది, బలం సూది వేయించకండి. ఎండవేడికి జ్వరం మందు పనిచేయదు.

ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు రెండు గంటలకోసారి తోలు దాకా తడిసేలా నీళ్లు పోసి, వెంటనే ఫ్యాను వేయండి. గాలి ఆడకుండా ఉత్త నీళ్లు చల్లితే ఉక్కపోత పెరుగుతుంది. దగ్గర్లో చెరువుంటే 11 నుంచి 4 దాకా అందులో వదలండి. రేకుల మీద వరిగడ్డి పరిచి తడుపుతుండండి, లేదా తెల్లసున్నం కొట్టండి. తాగే నీళ్లు తొట్టిలో ఎప్పుడూ ఉండాలి, తొట్టి నీడలో ఉండాలి. దాణా, పచ్చిమేత ఉదయం 6 లోపు, రాత్రి 8 తర్వాత పెట్టండి. ఎండుగడ్డి రాత్రికే. దాణా ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చాలు. అందులో రోజుకు ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, వంటసోడా 50 గ్రాములు రెండు పూటలకు పంచి కలపండి.

ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గడానికి పైకి కనిపించని పొదుగువాపు కూడా కారణం కావచ్చు. లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కరిగించి, ఒక్కో చన్ను పాలను అంతే ద్రావణంతో విడిగా కలిపి చూడండి. జిగురుగా మారితే ఆ పాలను పశువైద్యుడికి చూపించండి. పాలు దించే ఇంజక్షన్ జోలికి వెళ్లొద్దు.

రేపటికే పది లీటర్లు రావు. వారం, పది రోజులు ఈ పద్ధతి తప్పకుండా చేస్తే పాలు మెల్లగా పెరుగుతాయి. వేడికి చనిపోయిన పాలకణాల మేరకు ఈ ఈతలో కొంత లోటు ఉండిపోవచ్చు. గేదె తూలినా, నాలుక బయటపెట్టి చొంగ కార్చినా, 106 దాటినా నీళ్లు పోస్తూనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.