పురుగులు రాలాయి, జోవాలు ఎందుకు విప్పుకోవడం లేదు?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విశాఖ మధురవాడ. రెండడుగుల ఉప్పునీటి ట్యాంకులో జోవాలు (గుత్తులుగా పెరిగే, పువ్వుల్లాంటి మెత్తని సముద్రజీవులు, పగడాల బంధువులు) పెంచుతున్నాను. ఈమధ్య ఆకుపచ్చ గుత్తి ఒకటి ముడుచుకుపోయింది. అయోడిన్ డిప్‌లో, అంటే అయోడిన్ మందు కలిపిన నీళ్ళలో ముంచితే చిన్న చిన్న పురుగులు రాలాయి. అవీ ఆకుపచ్చగానే ఉన్నాయి! వారం తిరక్కుండా మళ్ళీ కనిపించాయి. చాలా టెన్షన్‌గా ఉంది. గుత్తి అతుక్కున్న రాయి మొత్తం తీసి మరిగించేస్తే పీడ విరగడవుతుందా? గుత్తి తేరుకోవాలని లైటు పెంచాను, మేత కూడా ఎక్కువే వేస్తున్నాను. నీళ్ళు రుషికొండ బీచ్ నుంచి తెచ్చుకుంటాను. ఇంకోటి, ఫిషింగ్ హార్బర్‌లో తెలిసినాయన వలలో పడిన కొమ్మ పగడం ఇస్తానంటున్నాడు. పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ మరిగించే ఆలోచన మానుకోండి. జోవాల్లో, ముఖ్యంగా వాటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. 1971లో హవాయి పాలిథోవాల నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. మరిగించినంత మాత్రాన అది విరిగిపోదు, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. ఇలాంటి రాళ్ళు కడిగో మరిగించో ఇంటిల్లిపాదీ జ్వరంతో, ఆయాసంతో ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. గుత్తిని ముట్టుకునే ప్రతిసారీ గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాల్సిందే. చేతి మీద గాయముంటే ఆ రోజుకి ఆ పని వద్దు.

మీరు చూసినవి పెంకు లేని నత్తలు, న్యూడిబ్రాంకులు. ఏ రంగు జోవాని తింటే ఆ రంగు ఒంటికి పట్టేస్తుంది, అందుకే గుత్తిలో కూర్చుంటే కనపడవు. డిప్‌కి పెద్దవి రాలతాయి, గుడ్లు చెక్కుచెదరవు. మీకు వారం తిరక్కుండా మళ్ళీ కనిపించడానికి కారణం అదే. గుత్తిని తిరగేసి టార్చ్ వేసి చూడండి. కాడల మొదట్లో, ప్లగ్ (గుత్తిని అతికించిన చిన్న దిమ్మ) అడుగున గుడ్లు జంతిక చుట్టలా తెల్లగా, గోరు అంచుకి తగిలేంత చిన్నగా అతుక్కుని ఉంటాయి. బ్లేడు మొనతోనో పాత టూత్‌బ్రష్‌తోనో గీకేయండి. ప్లగ్ మార్చగలిగితే మార్చేయండి. డిప్ నీళ్ళు ట్యాంకులో పొయ్యకండి. అయిదారు రోజులకోసారి డిప్ చేస్తూ, వరసగా మూడు నాలుగు సార్లు ఏమీ రాలని దాకా ఆపొద్దు. జబ్బు చేసినదొక్కటే కాదు, ట్యాంకులోని జోవాలన్నిటికీ చెయ్యాలి. ఈ నత్తలకి జోవాలు తప్ప వేరే తిండి లేదు కాబట్టి, గుత్తులన్నీ కొన్ని వారాలు విడి తొట్టెలో పెడితే పాత ట్యాంకులో మిగిలినవి ఆకలికే పోతాయి. మెడికల్ షాపు అయోడిన్ స్క్రబ్ మాత్రం వాడకండి, అందులో సబ్బు ఉంటుంది.

ఇక తేరుకోవడం. ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది: పురుగు తిన్నదాని కంటే యజమాని కంగారుకి పోయే జోవాలే ఎక్కువ. పాలిప్‌లు (గుత్తిలో ఒక్కో పువ్వులా కనిపించే జీవులు) తగ్గిన గుత్తికి ఎక్కువ వెలుగు పనిభారమే. లైటు తగ్గించండి, లేదా గుత్తిని కిందికి దించండి. మేత మామూలుకి తెండి, తినని మేత నీళ్ళలో కుళ్ళుతుంది. అలాగని నీళ్ళు మరీ శుభ్రంగా ఉన్నా జోవాలు చిక్కిపోతాయి, కాస్త నైట్రేట్ ఉండనివ్వండి. మధ్యరకం ప్రవాహం నేరుగా కొట్టకుండా పక్కనుంచి సాగాలి, గాయాల మీద చెత్త నిలవదు. ముడుచుకున్న పాలిప్‌ని గ్లవ్ వేలితో మెల్లగా తాకండి. గట్టిగా ఉంటే బతికే ఉంది, ఎన్నాళ్ళైనా ఓపిక పట్టండి. జారుడుగా, కంపుకొడుతూ కరిగిపోతుంటే ఆ ముక్కని కోసి పారేయండి, లేకపోతే పక్కవాటికి పాకుతుంది.

రుషికొండ నీళ్ళ సంగతి. వర్షాకాలం వెళ్ళే రోజుల్లో మన తీరంలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. పైనున్న నదుల మంచినీళ్ళు తీరం వెంట దక్షిణానికి దిగివస్తాయి. సముద్రపు నీరే కదా అని కొలవకుండా పోస్తే తేరుకుంటున్న గుత్తి మళ్ళీ ముడుచుకుంటుంది. ప్రతి క్యానూ రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పదనం కొలిచే పరికరం) చూడండి. 35 రావాలి, అంటే వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు, తక్కువుంటే ఉప్పు కలిపి, మర్నాటి దాకా తిప్పి వాడండి. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఎండాకాలం కరెంటు పోతే మన ఊళ్ళో అదే కష్టం, బ్యాటరీ ఎయిర్‌పంపు ఒకటి కొని పెట్టుకోండి.

హార్బర్ నుంచి వచ్చే కొమ్మ పగడం మాత్రం వద్దు. ఇలాంటి రాతిపగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, అంటే పులికున్న రక్షణే వాటికీ. జోవాలు ఆ జాబితాలో లేవు. ఆయన 'ఎండిపోయిందే కదా, షోకేసులో పెట్టుకోండి' అన్నా తీసుకోకండి, చచ్చినదానికీ అదే చట్టం.