బకెట్లో వేసేముందు

చిట్టీ,

ఉద్యోగం చేస్తూనే పాత బట్టలు ఏరి తెచ్చి అమ్ముతావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వినగానే నవ్వొచ్చింది, లోలోపల గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "దానికి నువ్వే నూరిపోశావు" అని మీ నాన్న నా మీద పడ్డాడు. నేనేం నూరిపోయలేదమ్మా. చిన్నప్పుడు నా షాపులో కోట్ల మధ్య దూరి గుండీలు లెక్కపెట్టుకున్న పిల్లవి, ఇంకేమవుతావు?

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. ట్యాగు మీది సైజు నమ్మకు, టేపు పెట్టి కొలువు. అమ్మేటప్పుడూ కొలతలే రాయి. మరకుంటే దాన్ని దగ్గరగా ఫొటో తీసి పెట్టు. ఎంతకు కొన్నావో, ఎంతకు అమ్మావో ఆ రోజే పుస్తకంలో రాసుకో. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఇది నేను చెప్పకపోయినా మీ అమ్మ రోజూ చెబుతుందిలే.

నా టెన్షన్ డబ్బు గురించి కాదు, నీళ్ల గురించి. నీకు శుభ్రం పిచ్చి. ఏది చేతికొచ్చినా ముందు కడిగితే గాని కూర్చోలేవు. అచ్చం మీ నాన్న పోలిక. అందుకే, ఆయన నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతున్నాను.

పెళ్లికి ముందు మీ నాన్న కొన్నాళ్లు నా షాపులో సాయం చేశాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామాన్లలో ఓ అట్టపెట్టె తెచ్చాడు. పైనంతా చిరిగిన దుప్పట్లు, అడుగున నల్ల జాకెట్టు. ఒంటినిండా చమ్కీలు, వేలుపెట్టే సందు లేదు. పల్చటి వలగుడ్డ మీద ఒక్కో చమ్కీనీ దారంతో కుట్టారు. 1930ల నాటిది. పైకెత్తితే చేతికి బరువు తెలిసేది, కదిపితే గలగలమనేది. చంకల దగ్గర కూడా చెక్కుచెదరలేదు. అలాంటిది మళ్లీ నా చేతికి రాలేదు.

దానికి ముక్కిపోయిన వాసన ఉండేది, అంతే. ఆరుబయట నీడలో ఆరేస్తే పోయేది. నేను బయటికెళ్లి వచ్చేలోపు తళతళలాడించి చూపిద్దామనుకున్నాడు మీ నాన్న. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి మెల్లగా ముంచాడు. మంచి పనే చేస్తున్నాననుకున్నాడు, పాపం. ముందు నీళ్లు నల్లబడ్డాయి. మురికి వదులుతోందని ఇంకాసేపు నానబెట్టాడు. చెయ్యి పెట్టి తిప్పేసరికి వేళ్లకు జిగురు. చమ్కీలు మెత్తబడి, ముడుచుకుని, ఒకదానికొకటి అంటుకుపోయాయి. పైకి తీస్తే వలగుడ్డ మీద వరసలు వరసలుగా దారం ముళ్లు మాత్రమే మిగిలాయి.

నేను వచ్చేసరికి బకెట్ పక్కన కూర్చుని అడుగున ఉన్న ముద్దలోంచి ఒక్కో చమ్కీ విడదీయాలని చూస్తున్నాడు. నేనేమీ అనలేదు. "నువ్వు తిట్టుంటే బాగుండేదే" అంటాడు ఇప్పటికీ. నేను రాశానని ఆయనతో అనకు.

ఆ రోజుల్లో చాలా చమ్కీలు జెలటిన్‌తో, అంటే జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జిగురు పదార్థంతో చేసేవారు. జెలటిన్‌కు తడీ పడదు, వేడీ పడదు. ఇస్త్రీపెట్టె తగిలినా అంతే సంగతులు. అనుమానముంటే లోపలి కుట్టు దగ్గర ఊడబోతున్న చమ్కీ ఒకటి తీసి గోరువెచ్చని నీళ్లలో వేసి చూడు. మెత్తబడితే ఆ బట్ట జన్మలో నీళ్లు చూడకూడదు. డ్రై క్లీనింగ్ కదా అని ధైర్యంగా ఇచ్చెయ్యకు, పాత పూసల రంగు దాంతోనూ పోవచ్చు. ఒక్క చమ్కీల సంగతే కాదు. పాత రేయాన్ క్రేప్ (సన్నటి ముడతలుండే కృత్రిమ పట్టు గుడ్డ) తడిస్తే కళ్లముందే కుంచించుకుపోతుంది. వందేళ్ల నాటి పట్టుకు బరువు రావాలని తగరం లవణాలు పట్టించేవారు. అది మడతల వెంట దానంతటదే చిట్లుతుంది, ఏ రఫ్ఫూ నిలవదు. కొనేముందే వెలుతురుకి ఎత్తి చూసుకో. ఇన్నేళ్లు ఆగిన మురికి ఇంకో వారం ఆగుతుంది, తొందరపడకు.

ఉన్ని బట్టలకు మాత్రం ఆగకు. ఇంటికి తేగానే కవర్లో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టు. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలుంటే చిమ్మెట పురుగులూ గుడ్లూ చస్తాయి. ఒక్క స్వెటర్లో పురుగుంటే బీరువా మొత్తానికి పాకుతుంది.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు ఈ పనిలో సరదా ఏమిటో చెప్పనా? ఏ బట్ట దొరికినా ముందు తిరగేసి చూడు. బయటివైపు అందరూ చూస్తారు, బట్ట కథంతా లోపలివైపే ఉంటుంది. నడుం దగ్గర ఒకసారి విప్పి, మళ్లీ కుట్టి, ఇంకోసారి విప్పిన గుర్తులుంటాయి. ఆవిడ ఒళ్లు చేసిందా, కడుపుతో ఉందా, చెల్లెలికి ఇచ్చిందా అని నువ్వే ఊహించుకోవాలి. లోహపు జిప్పు ఉంటే 1960లకు ముందుదేమో అని ఆశ పుడుతుంది. కానీ పక్కనే పాత దారం రంధ్రాలు కనబడితే ఆ జిప్పు తర్వాత వేసిందన్నమాట. ఎలా ఉతకాలో రాసిన లేబుల్ అమెరికాలో తప్పనిసరి అయింది 1972లో. ఉన్ని బట్టల మీద వేసే ఊల్‌మార్క్ గుర్తు పుట్టింది 1964లో. లీవైస్ జీన్స్ వెనక జేబు ఎర్ర ట్యాగు మీద పేరులోని ఇంగ్లీషు 'E' అక్షరం 1971 దాకా పెద్దది, ఆ తర్వాత చిన్నది. అయితే పాత నమూనాలో కొత్తగా కుట్టేవాటికీ పెద్ద అక్షరమే పెడుతున్నారు. అందుకని ఒక్క గుర్తు చూసి ఏళ్లు చెప్పేయకు. జిప్పు, లేబుల్, కుట్టు మూడూ ఒకే మాట చెబితే అప్పుడు రాయి. లేకపోతే "బహుశా" అని రాయి. ఆ మాట రాసినందుకు కొనేవాళ్లు పారిపోరు. అబద్ధం బయటపడితే మాత్రం మళ్లీ రారు.

ఇంకొకటి, దొరికిన ప్రతిదాన్నీ ప్రేమించకు. అమ్మడానికి మనసొప్పని వాటికి ఒక్క పెట్టె పెట్టుకో. అది నిండితే ఒకటి తీసి అమ్మాకే ఇంకోటి పెట్టు. నా ఇంట్లో అలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో మీ మామయ్యను అడగొద్దు. అవన్నీ ఎలాగూ నీకే వస్తాయి.

ఎంతో తిరిగి తెచ్చిన గౌను ఎవరో అమ్మాయి వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే డబ్బు లెక్కపెట్టుకోవడం కూడా మర్చిపోతావు. మర్చిపోకు, లెక్కపెట్టుకో.

నువ్వు ఈ నెలలో తెచ్చినవన్నీ ఫొటోలు తీసి పంపు. లోపలివైపు, లేబుల్, చంకలు, అంచు మడత, అన్నీ కనబడాలి. పూసలూ చమ్కీలూ ఉన్నవి పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పర్వాలేదు, ఎత్తుతాను.

మీ అత్త