మత్తయి, మార్కు, లూకా: ఎవరు ఎవర్ని చూసి రాశారో లెక్కల్లో తేలుతుందా?

తెలుగు బైబిల్లో ఈ మూడు సువార్తల ఉమ్మడి పదాలు లెక్కపెట్టి కై-స్క్వేర్ పరీక్ష (పోలిక యాదృచ్ఛికమా కాదా అని చూసే గణాంక పరీక్ష) చేస్తే పి-విలువ (యాదృచ్ఛికంగానే ఇంత పోలిక కనిపించే సంభావ్యత) దాదాపు సున్నా వచ్చిందనీ, అయినా ఏది ముందో తేలలేదనీ అడిగారు. తేలదండీ. పోలిక అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకటే. అందులో దిశ ఉండదు.

ముందు గ్రీకు మూలానికి వెళ్లండి. అనువాదంలో మీరు కొలిచేది చాలావరకు అనువాదకుల శైలినే. గ్రీకులో 'కై' (మరియు) లాంటి, ఎక్కడపడితే అక్కడ వచ్చే పదాలు తీసేయండి. ఇక ఆ పి-విలువను చూసి మురిసిపోకండి. ఆ పరీక్ష ప్రతి పదమూ స్వతంత్రమనుకుంటుంది, కానీ ఉమ్మడి పదాలు గుంపులుగా వస్తాయి, విడివిడిగా కాదు. అందుకే పదాన్ని కాకుండా ఒక్కో ఘట్టాన్ని యూనిట్‌గా తీసుకుని బూట్‌స్ట్రాప్ చేయండి, అంటే ఘట్టాలను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఎంచుకుని ఫలితం ఎంత మారుతుందో చూడండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఘట్టాల వరుసలో మత్తయి, లూకా కలిసి మార్కును కాదనడం అరుదు. అంటే మార్కు మధ్యలో ఉన్నాడు. దాంతో మార్కే మొదటివాడని చాలామంది తేల్చేస్తారు, అది తొందరపాటు. మార్కు మిగతా ఇద్దరినీ చూసి చివర్లో రాసినా ఇదే నమూనా వస్తుంది. జర్మన్ బైబిల్ పండితుడు గ్రీస్‌బాఖ్ 18వ శతాబ్దంలో అన్నది అదే.

దిశ కావాలంటే, చూసి రాసేవాడు పొరపాటున మూలంలోని మాటే వదిలేసిన చోట్లు వెతకాలి. మార్కు 6:14లో హేరోదు 'రాజు'. మత్తయి 14:1లో సరిగ్గా 'చతుర్థాధిపతి' (రాజు కన్నా చిన్న పాలకుడు) అని మొదలుపెట్టి, 14:9కి వచ్చేసరికి మార్కులోలాగే 'రాజు' అనేశాడు. మార్కును చూసి రాశాడనడానికి ఇదో సూచన. ఇలాంటివి రెండు వైపులా ఎన్ని దొరుకుతాయో ఒక పట్టిక వేయండి.