పాజిటివ్ అన్నారు, కోళ్లేమో బాగానే ఉన్నాయి

ప్రశ్న: అనపర్తి దగ్గర మాకు లేయర్ల ఫారం ఉంది. మొన్న చలికాలంలో నాలుగైదు కోళ్లకు ముక్కు కారుతుంటే శాంపిల్స్ ల్యాబుకు పంపాం. పీసీఆర్‌లో, అంటే సూక్ష్మజీవి డీఎన్ఏను పట్టే పరీక్షలో, కొరైజా (కోళ్లకు ముక్కు కారే అంటుజబ్బు) పాజిటివ్ అన్నారు. మందులకు బోలెడు పోశాం. తీరా చూస్తే మిగతా కోళ్లు ఎప్పటిలాగే గుడ్లు పెట్టాయి. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న మా అమ్మాయి ఇప్పుడు ఇలాంటి పరీక్షలను బాగుచేసే రీసెర్చ్ చేస్తానంటోంది. వెటర్నరీ చదవలేదు కదా, ఇందులో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. కాకపోతే మీరు అనుకుంటున్న ఉద్యోగం వేరు, ఆ పని వేరు.

ముందు మీ ఫారం సంగతి. కొరైజా తెచ్చే బాక్టీరియా అవిబాక్టీరియం పారాగాలినారమ్‌ను ల్యాబులో పెంచడం కష్టం. రక్తం కలిపిన అగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద స్టెఫిలోకాకస్ అనే వేరే బాక్టీరియాను ఒక గీతలా పూస్తే, ఆ గీత పక్కనే చిన్న మంచు బిందువుల్లా కాలనీలు వస్తాయి. దూరంగా ఒక్కటీ రాదు. దానికి కావలసిన పోషకాన్ని ఆ గీతే ఇస్తుంది. ఈ తంటా పడలేకే 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు పీసీఆర్ పరీక్ష తెచ్చారు, ప్రపంచమంతా వాడింది. తర్వాత తేలిందేమిటంటే, ఇదే జాతిలో జబ్బు చెయ్యని రకాలు కూడా ఉన్నాయి, ఆ పరీక్ష వాటినీ పాజిటివ్‌గానే చూపిస్తుంది. అమెరికాలో జబ్బు లేని ఫారాల్లో కూడా ఇలా జరిగింది. అందుకే ఇప్పుడు జబ్బుతో సంబంధమున్న హెమాగ్లుటినిన్ జీన్ మీద గురిపెట్టి కొత్త పరీక్షలు తయారుచేస్తున్నారు. మీకు జరిగింది కూడా అదేనని నేను చెప్పలేను. పీసీఆర్ చచ్చిన బాక్టీరియా డీఎన్ఏను కూడా పట్టుకుంటుంది మరి.

సీఆర్‌డీలో, అంటే కోళ్లను చాన్నాళ్లు పీడించే శ్వాస జబ్బులో, చిక్కు ఇంకో రకం. దాన్ని తెచ్చే మైకోప్లాస్మా బాక్టీరియాకు లైవ్ టీకా (బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా) వేసిన మందలో పరీక్ష చేస్తే, దొరికింది టీకా రకమా, బయటి రకమా తేల్చాలి. ఇలాంటి చిక్కులు విప్పడమే మీ అమ్మాయి అడుగుతున్న పని. మెషిన్ దగ్గర ప్లేట్లు పెట్టడం నెల రోజుల్లో వస్తుంది. ఏ జీన్ ఎంచుకోవాలి, కోడి నోరు తెరిచి అంగిలి చీలికలోంచి తీసిన స్వాబ్‌లోని జిగట ఆ పరీక్షను అడ్డుకుంటోందా, దగ్గరి జాతి బాక్టీరియాతో పొరబడుతోందా, ఇవి నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

డిగ్రీ విషయం సూటిగా చెబుతాను. బీవీఎస్సీ అనే వెటర్నరీ డిగ్రీ లేకుండా పశువైద్య ప్రాక్టీసు, వెటర్నరీ డాక్టరు పోస్టులు లేవు. అది మర్చిపోండి. పీహెచ్‌డీ, ప్రాజెక్టు ఉద్యోగాలు, డయాగ్నస్టిక్ కిట్లు, టీకాలు చేసే కంపెనీలు మాత్రం ఆమెకు తెరిచే ఉన్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌గానీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం వాళ్ల బెట్ పరీక్షగానీ రాయమనండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్‌లో ఎన్ఐఏబీ (జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ) ఉంది, రాజేంద్రనగర్‌లో పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇప్పుడే రాసి అడగాలి, రిజల్ట్స్ వచ్చాక కాదు. రెండు మెయిళ్లకు జవాబు రాకపోతే టెన్షన్ పడొద్దు. మూడోది పెట్టాలి.

నిజం చెప్పాలంటే, ఆమెకున్న అసలు ఆస్తి మీ షెడ్. ల్యాబులో ఉన్నవాళ్లలో చాలామంది ముఖం ఉబ్బి కన్ను మూసుకుపోయిన కోడిని చేతిలో పట్టుకుని ఉండరు. మీ డాక్టరు పోస్ట్‌మార్టం చేసేటప్పుడు పక్కన నిలబడనివ్వండి. మీ పాత రిపోర్టు ఉంటే ల్యాబుకు ఫోన్ చేసి, ఏ జీన్ మీద చేశారో, సీటీ విలువ ఎంత వచ్చిందో అడగమనండి. ఎన్ని రౌండ్లు తిప్పాక పరీక్షకు ఆ డీఎన్ఏ దొరికిందో సీటీ చెబుతుంది. 18 వస్తే శాంపిల్లో అది బోలెడు ఉన్నట్టు, అదొక కథ. 37 వస్తే ఏదో కొద్దిగా ఉన్నట్టు, అది వేరే కథ.