వైడ్ యాంగిల్ ల్యాండ్‌స్కేప్‌కు ఏ మీడియం ఫార్మాట్ (35 ఎంఎం కన్నా పెద్ద ఫిల్మ్ వాడే) కెమెరా కొనాలి?

ముందు తేల్చుకోవాల్సింది బ్రాండ్ కాదు, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు (ఆకాశం వెలుగును తగ్గించే, సగం ముదురు సగం తేటగా ఉండే అద్దాలు) వాడతారా లేదా అన్నది. వాడేవారికి నా సలహా పెంటాక్స్ 67, 45 ఎంఎం లెన్స్ (35 ఎంఎం కెమెరాలో సుమారు 22 ఎంఎంతో సమానం). ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే దృశ్యం చూపే కెమెరా) కాబట్టి ఫిల్టర్ గీత ఆకాశంలో ఎక్కడ పడిందో కళ్లారా చూడొచ్చు. కానీ దృశ్యాన్ని కంటికి చేర్చే లోపలి అద్దం పెద్దది. అది పైకి లేచే అదురుకు 1/30 నుంచి 1/8 సెకను మధ్య ఫొటో ట్రైపాడ్ మీద కూడా చెదురుతుంది. అందుకే మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే ఎత్తి ఉంచే వీలు) ఉన్న బాడీనే కొనండి. ‘6×7’ పేరుతో వచ్చిన తొలి పెంటాక్స్ మోడళ్లలో అది లేదు. అద్దం ఎత్తి ఉంచినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతుంది, కాబట్టి ఎత్తిన వెంటనే కేబుల్ రిలీజ్ (కెమెరాను తాకకుండా ఫొటో తీసే తీగ మీట) నొక్కండి. లెన్స్‌తో కలిపి బరువు 2 కిలోలు దాటుతుంది.

కొండలెక్కేవారికి మామియా 7, 43 ఎంఎం లెన్స్ మేలు. తేలిక, అంచుల దాకా పదును. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఇది రేంజ్‌ఫైండర్, అంటే లెన్స్ గుండా కాక విడి కిటికీలోంచి చూసే కెమెరా. అందుకే 43 ఎంఎం లెన్స్‌కు విడి వ్యూఫైండర్ కావాలి, అది లేకుండా అమ్మే లెన్స్ జోలికి పోవద్దు. ఫోకస్ మాత్రం బాడీ ఫైండర్‌లోనే చూసుకోవాలి. లోతంతా స్పష్టంగా రావాలంటే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/16 పెట్టి, లెన్స్ మీద స్పష్టత హద్దులు చూపే గీతల్లో ఎఫ్/11 గీతల ప్రకారం దూరం అమర్చండి. ఎఫ్/16 గీతలనే నమ్మితే పెద్ద ప్రింటుకు సరిపోవు. పోలరైజర్‌ను (మెరుపులు తగ్గించే, తిప్పే ఫిల్టర్) కంటి దగ్గర తిప్పి చూసి, అదే కోణంలో లెన్స్‌కు బిగించాలి.

తక్కువలో కావాలంటే ఫుజీ జీఎస్‌డబ్ల్యూ 690: 65 ఎంఎం స్థిర లెన్స్, వెలుగు కొలిచే మీటర్ లేదు, రోల్‌కు 8 ఫొటోలే. అడుగున ఉన్న కౌంటర్ చూసి కొనండి, అందులో ఒక్కో అంకె 10 షాట్లు.