సమాధానం: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్టేట్ సెనేట్ ఓటు ఎప్పుడు?

2024లో బ్యాలెట్‌పై స్టేట్ సెనేట్ (రాష్ట్ర చట్టసభలో ఎగువ సభ) పోటీయే లేదని, ఓటరు నమోదులో తప్పు జరిగిందేమోనని మీరు టెన్షన్ పడుతున్నారు. నమోదు సరిగ్గానే ఉండి ఉంటుందండి. కాలిఫోర్నియా సెనేట్‌లో 40 డిస్ట్రిక్టులు, పదవీకాలం నాలుగేళ్లు. రెండేళ్లకోసారి సగం సీట్లకే ఎన్నిక. 2024లో బేసి సంఖ్యలవి. ఫ్రీమాంట్ ఉన్నది 10వ డిస్ట్రిక్టు, కాబట్టి 2022 తర్వాత మళ్లీ 2026లోనే.

అయితే నవంబరు దాకా ఆగకండి, జూన్ ప్రైమరీలో (తొలి దశ ఎన్నికలో) తప్పక ఓటేయండి. అందులో పార్టీతో పని లేకుండా మొదటి ఇద్దరే నవంబరు పోటీకి వెళ్తారు. 2022లో ఇక్కడ తుది పోరులో మిగిలిన ఐషా వహాబ్, లిలీ మే ఇద్దరూ డెమోక్రాట్లే! అసలు వడపోత జూన్‌లోనే అయిపోతుంది, మనవాళ్లు చాలామంది దాన్నే వదిలేస్తున్నారు.